ఆయుధపూజ నాడు చీలిన పలక

నిన్న ఒక బల్లల దుకాణంలో మాడిన టేకు వాసన తగలగానే కడపలోని మా నాయన షెడ్డు జ్ఞాపకం వచ్చింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మశూచితో చూపు పోయిన మా అన్నను, సొంత గిటారుతో వస్తే దసరా సెలవుల తరువాత చేర్చుకుంటామని అక్కడి సంగీతం బడి కబురు పంపింది. కొనే శక్తి లేని నాయన తానే చేయడానికి పూనుకున్నాడు. బెజ్జాలు వేసే యంత్రానికి బ్లేళ్ల చక్రం బిగించి, దాని కింద టేకు పలకను జరుపుతూ పల్చన చేసేవాడు. ఉన్నది ఆ ఒక్క పలకే.

ఆయుధపూజ నాడు యంత్రానికి కుంకుమ పెట్టి విశ్రాంతినివ్వడం మా ఆచారం. "ఈ పొద్దు దాన్ని ముట్టుకోగూడదు" అని అమ్మ అడ్డుపడింది.

"బడి మనకోసరం కాసుకోని ఉంటాదా?" అంటూ నాయన మీట నొక్కాడు.

తొందరలో పలకను చక్రానికి ఎదురుగా కాక, అది తిరిగే వైపుకే నెట్టాడు. చక్రం దానిని లాక్కొని నిలువునా చీల్చివేసింది. యంత్రానికి కోపం వచ్చిందనుకొని నేను మూలకు ఒదిగాను.

అన్న తడుముకుంటూ వచ్చి ఒక ముక్కను వేళ్లతో నిమిరాడు. "శానా నున్నగా ఉండాది నాయనా. ఈ సగంతో చిన్నది చేస్తే చాలదా?"

నాయన రెండో ముక్కను ఏరి గోడకు ఆనించాడు. "చాల్తాదిలేప్పా" అన్నాడు.

నేను నమ్మాను. చిన్న గిటారు ఎంత ముద్దుగా ఉంటుందోనని ఆ సాయంత్రమంతా మురిసిపోయాను. గొంతును బట్టే మనుషుల్ని ఎరిగిన అన్న మాత్రం మళ్లీ ఎన్నడూ బడి మాట ఎత్తలేదు.