దరువేసినవాడి పేరు

నిన్న శుక్రవారం సాయంత్రం ఖతర్‌లో, అల్ ఖోర్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని, టీవీలో పాటల అవార్డుల వేడుక మూడు గంటలపాటు చూసి, చివరికి రిమోట్‌ను సోఫా మీదికి విసిరికొట్టాను. ఈ వయసులో అంత కోపమేమిటని మా ఆవిడ మందలించింది గానీ, మీరే చెప్పండి, పాటల అవార్డులని పేరు పెట్టి ఒక్క పాటనైనా పల్లవి దాటి వినిపించకపోతే ఒళ్ళు మండదా? హీరోగారు మోటారు సైకిలు మీద స్టేజీకి రావడానికి పది నిమిషాలు, ఆయన్ని యాంకరమ్మ పొగడడానికి ఇంకో పది, ఆపైన ప్రకటనలు.

ఇదంతా ఓర్చుకోవడానికి కారణం మా అక్క కొడుకు. సినిమా పాటలకు డప్పు వాయిస్తాడు, ఈసారి వాద్యకారుల అవార్డు వాడికే వచ్చింది. వాడిని టీవీలో చూడాలని ఇక్కడ నేను, జగిత్యాల దగ్గర ఊళ్ళో మా అక్క, కదలకుండా కూర్చున్నాం.

ఆ దరువు వాడికి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. మా బావా నేనూ ఒకే కంపెనీలో ఇనుము కట్టే పనికి వచ్చి, క్యాంపులో ఎనిమిది మంది ఉండే గదిలో చాలా ఏళ్ళు గడిపాం. శుక్రవారం డ్యూటీ ఉండదు కనుక మధ్యాహ్నం భోజనాలయ్యాక పాటలు మొదలయ్యేవి, బావ ఖాళీ నూనె డబ్బా తిరగేసి దరువేసేవాడు. మా గదిలోనే హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, బస్సు డ్రైవరు, మేమంతా చాచా అనేవాళ్ళం, ఒక పద్ధతి పెట్టాడు. పాట అవ్వగానే చప్పట్లు కొట్టనిచ్చేవాడు కాదు, "పహలే పేరు జెప్పుర్రి, బాద్‌మే తాలీ" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. పాడినవాడు లేచి నిలబడి, దరువేసినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాకే చప్పట్లు. చాచా చాదస్తమని నవ్వుకునేవాళ్ళం గానీ, వారమంతా సైటులో నంబర్లతో పిలిపించుకున్న మాకు, ఆ ఒక్కపూట తండ్రి పేరుతో సహా వినబడడం ఎంత హాయిగా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. బావ పోయి చాలా ఏళ్ళయింది.

ఇక వాద్యకారుల వంతు వచ్చినప్పుడు ఏం చేశారనుకున్నారు? "ఇతర విజేతలు" అని తెర మీద రాసి, ఏడెనిమిది మొహాలు గబగబా తిప్పేశారు. మావాడు షీల్డు అందుకోవడం రెప్పపాటు కనబడింది, అంతే. పేరైనా చదవలేదు. ఆ పాటలోంచి డప్పు తీసేస్తే ఏం మిగులుతుందో ఆ స్టేజీ మీద ఒక్కరికైనా తెలుసా అని టీవీ మీద అరిచాను.

అయిదు నిమిషాలకు అక్క ఫోన్ చేసింది. ఆమెకు ఖతర్ అయినా మరోటైనా దుబాయే.

"తమ్మీ, కండ్లల్ల నీళ్ళొస్తే తుడుసుకున్న, గంతల్నే పోయిండు. దుబాయ్‌ల నువ్వన్న సూసినవా? పేరు సదివిండ్రా?"

చూశానన్నాను. చదివారని కూడా అన్నాను. ఆమె, ఆదివారం మళ్ళీ వేస్తారట, ఈసారి కళ్ళు తుడుచుకోకుండా చూస్తానంది.

నా అబద్ధానికి ఆదివారం దాకానే ఆయుష్షు. ఒకప్పుడు పాట వినడానికి కూర్చునేవాళ్ళం, ఇప్పుడు మా అక్కలాంటివాళ్ళు కన్నకొడుకు కోసం టీవీ ముందు కాపు కాయాల్సి వస్తోంది. ఆదివారం ఆమె ఫోన్ వస్తే ఏం చెప్పాలో నాకింకా తోచలేదు.