బ్యాటరీ ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు

గత బుధవారం ఉదయం ఆరున్నరకు ఆంటీ ఫోన్ చేసి సార్ పోయారని చెప్పారు. "టీ వెట్టి లేపవోతే లేవలే" అన్నారు. నాకు డ్రోన్ నడపడం నేర్పిన మనిషి ఆయన. ఆంటీ ఆయన భార్య. అప్పటికి నేను ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నాను. గిన్నె మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఉదయం ఏడింటికి ఉన్న పని సంగతి ముందుగా గుర్తొచ్చినందుకు సిగ్గుపడి, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళాను.

ఆ పని గురించి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఊరి చివర ఒక కాలనీలో పాత నీళ్ళ ట్యాంకు ఉంది. దాని గోడల్లో పగుళ్ళు ఎంత దూరం పాకాయో డ్రోన్‌తో దగ్గరగా ఫొటోలు తీయాలి. వాటిని చూసి ట్యాంకు కూల్చాలా, బాగు చేయించుకోవాలా అని కాలనీవాళ్ళు ఆదివారం తేల్చుకుంటారు. రెండేళ్ళ క్రితం ఆ పనికే వెళ్ళి, ఆ ట్యాంకు నిచ్చెనకే డ్రోన్‌ను గుద్ది పగలగొట్టాను. ఇక మమ్మల్ని గేటు లోపలికి రానిచ్చేది లేదని కాలనీవాళ్ళు అన్నారు. సార్ నెల రోజుల పాటు తిరిగి, ఆ కాలనీ సెక్రటరీని ఎలాగో ఒప్పించారు. ఒక షరతు ఆయనే పెట్టారట. డ్రోన్ నేనే ఎగరేయాలి, ఆయన చెయ్యి పెట్టరు.

సార్ సైన్యంలో హెలికాప్టర్ల మెకానిక్. ఒక్కసారి కూడా నడపలేదు. నడిపేవాళ్ళను మాత్రం ఏళ్ళ తరబడి చూశారు. "దిగినంక ముందుగాల మెషీన్ జూసెటోణ్ని. మెషీన్‌ల ఏం తక్లీఫ్ లేకుంటే మనిషిని జూసెటోణ్ని. శానసార్లు తక్లీఫ్ గాడనే దొరికేది" అనేవారు. రిటైరయ్యాక సైనిక్‌పురి ఇంటి వరండాలో డ్రోన్ పాఠాలు మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయడానికి అనుమతి లేదు. డ్రోన్ లేవని చోట డ్రోన్ గురువు ఉండటం నేర్చుకునే మా అందరికీ నవ్వులాటగా ఉండేది. వారమంతా వరండాలో చేతులకు పాఠం, ఆదివారం అనుమతి ఉన్న మైదానం కోసం ఊరి బయటికి ప్రయాణం. నేనప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఆఫీసులో రోజంతా అంకెలు టైపు చేసేదాన్ని. వేళ్ళు చురుగ్గా ఉంటాయి కాబట్టి వారంలో వచ్చేస్తుందనుకున్నాను. మొదటి నెల ఆయన నన్ను డ్రోన్ ముట్టుకోనివ్వలేదు.

బ్యాటరీలన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. రెజిమెంటల్ బజార్‌లో బేరమాడి కొన్నానని సార్ మురిపెంగా చెప్పుకునే పెట్టె అది. దాని మీదే కూర్చునేవారు. బ్యాటరీ కావాలంటే ఆయన లేవాలి. లేచేముందు మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏం తిన్నవ్, ఎన్ని గంటలు పండుకున్నవ్, నీళ్ళెప్పుడు తాగినవ్. జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. మొదటిసారి మైదానంలో జరిగిన సంభాషణ నాకు బాగా గుర్తుంది.

"ఏం తిన్నవ్?"

"ఆవకాయన్నం తిన్నానండీ."

"పొద్దుగాల్నా?"

"మా ఇంట్లో అలవాటండీ. మాది గుంటూరు వైపు."

"గది తిన్నవంటే గంటకో బాటిల్ నీళ్ళు తాగుతవ్. బాటిల్ నీళ్ళు తాగినంక మెషీన్ను గాల్ల ఇడిచిపెట్టి యాడికి ఉరుకుతవ్? ఈడ చెట్టు సుత లేదు."

అందరూ నవ్వారు. ఆ రోజు నాకు బ్యాటరీ ఇవ్వలేదు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. మూడు గంటలసేపు ఇతరులు ఎగరేస్తుంటే చూసి ఇంటికి వచ్చాను.

ఆయనకు తిండి విషయంలో పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. ఖాళీ కడుపుతో ఎగరేయకూడదు, నిండు కడుపుతోనూ ఎగరేయకూడదు. పని ఉన్న రోజు గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, జొన్న రొట్టె పప్పుతోనో తింటే చాలు. మధ్యలో నీరసంగా ఉంటే ఆయన జేబులో పల్లీపట్టీ ఉండేది. నీళ్ళు గుక్క గుక్కగా తాగాలి. బిర్యానీ పని అయ్యాకే. "బిర్యానీ తిని మెషీన్ లేపినోడు నిద్రల దించుతడు" అనేవారు. టీ అంటే మాత్రం ఆయనకు పగ. ఆంటీ పొద్దున పెట్టే ఒక్క కప్పు తప్ప తాగేవారు కాదు. ఆదివారం మా చేత చెయ్యి చాపించి, వేళ్ళ మీద పాత పేపరు కాగితం ఒకటి పరిచేవారు. మామూలుగా కంటికి కనబడని వణుకు కాగితం అంచున కనబడుతుంది. రెండు టీలు కొట్టి వచ్చినవాళ్ళు అక్కడే దొరికిపోయేవారు.

నా వేళ్ళ చురుకు నాకు పనికిరాలేదు. కీబోర్డు మీద వేలు గుద్దినట్టే రిమోట్ మీద పుల్లను గుద్దేదాన్ని. రెండు పుల్లలుంటాయి దానికి, ఒకటి ఎత్తుకూ తిరగడానికీ, ఇంకోటి ముందుకూ పక్కకూ. నేను ముట్టుకుంటే చాలు, డ్రోన్ ఉలిక్కిపడేది. ఒకరోజు తొందరగా వచ్చి, వాకిట్లో ఆంటీ వేస్తున్న ముగ్గు సగం నేను వేశాను. సార్ వరండాలోంచి చూస్తూ నిలబడ్డారు. లోపలికి వెళ్ళగానే రిమోట్ చేతికిచ్చి, "బొటనేలు ఒక్కటే పెట్టకు. ముగ్గు పిండి వట్టుకున్నట్టు రెండు వేళ్ళతోని పట్టు. నీకొచ్చిన పనే గద, ఇన్ని రోజులు యాడ దాచిపెట్టినవ్?" అన్నారు. ముగ్గు గీత సన్నగా రావాలంటే పిండిని నొక్కం, కొంచెం కొంచెం వదులుతాం. పుల్ల కూడా అంతే. ఆ రోజు నుంచి నా డ్రోన్ ఉలిక్కిపడటం మానేసింది. ఊపిరి బిగబట్టే అలవాటు పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. గోడకు దగ్గరగా వెళ్ళినప్పుడు తెలియకుండానే ఊపిరి ఆపేస్తాం. ఆయన డ్రోన్‌ను చూసేవారు కాదు. నా వెనక నిలబడి ఊపిరి వినేవారు. "ఆగింది, మళ్ళ షురూ చెయ్" అని మెల్లగా అనేవారు.

నోటుబుక్కు గురించి ఒకసారి అడిగాను, ఎవరైనా అబద్ధం చెబితే ఎలా తెలుస్తుందని. "నేను పోలీసోణ్ని గాదు. నువ్వు చెప్పిందే రాస్త. గాల్లకు లేసినంక నీ చేతులే చెప్తయ్" అన్నారు.

నేను అబద్ధం చెప్పాను. రెండేళ్ళ క్రితం మా తమ్ముడి పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున. ట్యాంకు పని అదే రోజు ఉదయానికి కుదిరింది. ఆఫీసు మానేసి అప్పుడప్పుడే పూర్తిగా ఈ పనిలోకి దిగాను. మొదటి పెద్ద పని వదులుకోవడం ఇష్టం లేకపోయింది. తలంబ్రాలు అవగానే చీర మార్చుకుని నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. చేతులకు పసుపు ఇంకా ఉంది.

"ఎన్ని గంటలు పండుకున్నవ్?"

"ఆరు గంటలు సార్."

ఆయన నా చేతుల వైపు చూశారు. ఆరు అని రాసుకున్నారు. పెట్టె మీద నుంచి లేచి బ్యాటరీ ఇచ్చారు.

మొదటి పావుగంట బాగానే గడిచింది. ట్యాంకు వెనక వైపు చుట్టి వచ్చేసరికి డ్రోన్ ముఖం నా వైపు తిరిగింది. అలా ఎదురుగా నిలబడితే దాని కుడి మనకు ఎడమ. ఇది మొదటి వారంలో నేర్చుకునే సంగతి. నిద్ర చాలని తలకు ఆ తిప్పుడు అందలేదు. నిచ్చెన నుంచి దూరం జరపాలనుకుని నిచ్చెన వైపే తోశాను. రెక్క ఇనుప మెట్టుకు తగిలిన చప్పుడు, తర్వాత పూలకుండీలు పగిలిన చప్పుడు. కింద మనుషులెవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం.

సెక్రటరీ పరుగున వచ్చారు. నేను నోరు తెరిచేలోపు సార్ ముందుకు వెళ్ళి, "తప్పు నాది. చూసి సుత బ్యాటరీ ఇచ్చిన" అన్నారు. ఏం చూశారో సెక్రటరీ అడగలేదు. ఈ వయసులో ఈయనకివన్నీ ఎందుకని మాత్రం అందరిలో అన్నారు. ఆ మాట సార్ విన్నారు. నేనూ విన్నాను. వంగి డ్రోన్ ముక్కలు ఏరుకున్నాను.

తర్వాతి ఆదివారం యథాప్రకారం పెట్టె మీద కూర్చుని మూడు ప్రశ్నలు అడిగారు. నిజాలే చెప్పాను. అప్పటి నుంచి ఎప్పుడూ నిజాలే చెప్పాను. ఆ ఒక్క రోజు జవాబు మాత్రం దిద్దలేదు. దిద్దుదామని చాలాసార్లు అనుకున్నాను. వరండాలో ఎవరో ఒకరు ఉండేవారు, లేదా ఆంటీ టిఫిన్ తెచ్చేవారు, లేదా నాకు ధైర్యం చాలేది కాదు. చివరిదే అసలు కారణం. మొదట్లో ఆయన నన్ను కాపాడటానికే నింద నెత్తినేసుకున్నారనుకునేదాన్ని. పసుపు చేతులు చూసి కూడా లేచినందుకు ఆయన నిజంగానే తనను తప్పుపట్టుకున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత ఎవరికి బ్యాటరీ ఇవ్వాలన్నా ఆయన ఇంకో నిమిషం ఎక్కువ కూర్చునేవారు.

బుధవారం సాయంత్రం అంత్యక్రియలన్నీ అయిపోయి సార్ ఇంటికి వచ్చాక ఆంటీ నన్ను పక్కకు పిలిచారు. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్ళు తెచ్చిన పెరుగన్నం గిన్నె నా ముందు పెట్టి, "తిను. రేపు ట్యాంకు కాడికి పోవాలె గద" అన్నారు.

"ఇంకో రోజు పెట్టుకుంటానండీ."

"వద్దు బిడ్డా. ఈ ఎండల పడి నాలుగుసార్లు పోయొచ్చిండు దానికోసం. జర పెట్టె సుత నువ్వే తీస్కపో. ఈడెవరు కూసుంటరు దాని మీద?"

పెట్టె తెచ్చుకున్నాను. పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. ఏడుపు కూడా రాలేదు. కళ్ళు మూస్తే ఆ నోటుబుక్కులో ఆరు అనే అంకె కనబడేది.

గురువారం ఏడింటికి ట్యాంకు దగ్గర ఉన్నాను. గాలి లేదు, ఎండ ఇంకా ముదరలేదు. డ్రోన్ ఎగరేయడానికి అంతకన్నా మంచి ఉదయం ఉండదు. సెక్రటరీ వాచీ చూసుకుంటున్నారు. సార్ పోయిన సంగతి ఆయనకు తెలుసు, రెండు మంచి మాటలు అన్నారు. పెట్టె మూత తీసి బ్యాటరీ చేతిలోకి తీసుకున్నాను. అడిగే మనిషి లేరు. అయినా జవాబులు పైకే చెప్పాను.

"రెండు ఇడ్లీలు తిన్నాను. నీళ్ళు ఇప్పుడే తాగాను. నిద్రపోలేదు."

"ఎవరితోని మాట్లాడుతున్నరు మేడం?" అన్నారు సెక్రటరీ.

బ్యాటరీ తిరిగి పెట్టెలో పెట్టాను. "ఇవాళ ఎగరేయలేనండీ. రాత్రంతా నిద్ర లేదు. రెండేళ్ళ క్రితం డ్రోన్ గుద్దిన రోజు కూడా లేదు. మా తమ్ముడి పెళ్ళి నుంచి వచ్చి, ఆరు గంటలు పడుకున్నానని సార్‌తో అబద్ధం చెప్పాను. ఆ తప్పు ఆయనది కాదు. నాది."

సెక్రటరీ ట్యాంకు వైపు తిరిగారు. "నాలుగుసార్లొచ్చిండు మా ఇంటికి. వచ్చినప్పుడల్లా తప్పు నాదే అన్నడు. తప్పు మీదని ఒక్కసారి సుత అనలే. నేను గాయనను ముసలోడన్న అందరిలో. ఈ ముచ్చట ఆయనున్నప్పుడు చెప్తే మంచిగుండె గద మేడం?"

"అవునండీ" అన్నాను.

"ఆదివారం మీటింగ్ ఉంది. వేరేటోళ్ళను అడుగుత. దొరక్కుంటే మీకు ఫోన్ చేస్త" అని ఆయన వెళ్ళిపోయారు. ఇది రాసేనాటికి ఆ ఫోన్ రాలేదు. వస్తుందని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. సార్ నా కోసం ఎండలో తిరిగి తెచ్చిన పనిని, సార్ నేర్పిన పద్ధతి ప్రకారమే పోగొట్టుకున్నాను. ఆయన ఉంటే కోప్పడేవారు కాదనే నమ్మకం ఉంది. పెట్టె మీద నుంచి మాత్రం లేచేవారు కాదు.

సెక్రటరీ గేటు దాటాక మూత వేసి దాని మీద కూర్చున్నాను. పైన నిచ్చెనకు నా డ్రోన్ రెక్క తగిలిన చోట రంగు లేచిపోయి, ఆ గీత ఇంకా తెల్లగా ఉంది. పెట్టెలో అడుగున ఉన్న పాత పేపరు ముందే తీసి పక్కన పెట్టుకున్నాను. అందులోంచి ఒక కాగితం చింపి, చెయ్యి చాపి వేళ్ళ మీద పరుచుకున్నాను. ఆకు కూడా అల్లాడని ఉదయం అది. కాగితం అంచు కదులుతూనే ఉంది. అది ఆగేదాకా కూర్చుందామని అలాగే చూస్తూ ఉన్నాను.