మెనూ బొత్తం మీది ప్లాస్టర్

పెళ్లి వీడియో తీసిన బాలశౌరిని పదిమందిలో నిలబెట్టి తాగుబోతు అన్నారు. టాటానగర్ పక్క టెల్కో కాలనీలో, 2010లో, పెళ్లి అయిన అయిదో రోజున. అన్నది పెళ్లికూతురు హేమ తండ్రి శ్రీపతి. పెద్ద ఇంజనీరు, కాలనీ తెలుగువాళ్లలో ఆయన మాటకి ఎదురుండేది కాదు.

"మూడు టేపులు! మూడూ ఖాళీ! కెమెరా భుజాన పెట్టుకుని నువ్వు చేసిందేంటి? నిద్రపోయావా, తాగొచ్చావా?"

"ఏటి సార్ అలాగంతారు? నాను తాగుతానా? ఆదివారం చర్చిలో కుర్చీలేసేది నానే. ఫాదర్ గార్ని అడగండి."

"మరి టేపులో ఏముందో చూపించు!"

టేపులో ఏమీ లేదు. నీలం తెర. ఆ సంగతి తేల్చి చెప్పినవాడు హరికిరణ్.

హరికిరణ్‌కి అప్పుడు ఇరవయ్యొకటి. టెల్కో మార్కెట్లో సన్యాసిరావు నడిపే వీడియో షాపులో పని. బాలశౌరి వంటి వాళ్లు పెళ్లిళ్లు తీసి తెచ్చిన టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేని ముక్కలు కోసి, పాటలు అతికించి సీడీలు చెయ్యాలి. టేపు ఆడించడానికి ఒక కెమెరా ఉండేది. పాత రకం టేపునీ, కొత్త రకం టేపునీ చదవగలదు, మెనూలో ఏది కావాలో చెబితే. షాపుకి వచ్చేవన్నీ పాత రకమే. ఒకసారి ఎవరో మెనూలో ఏదో నొక్కి రెండు పెళ్లిళ్ల సన్నాయి వినపడకుండా మింగేశారట. అప్పటినుంచి సన్యాసిరావు మెనూ బొత్తం మీద తెల్లటి ప్లాస్టర్ అంటించాడు, దెబ్బ తగిలితే వేసే ప్లాస్టర్. దాన్ని పీకినవాడి ఉద్యోగం పీకుతానన్నాడు.

టేపులు చేతికిస్తూ బాలశౌరి చెప్పాడు కూడా.

"బాబూ, మన కెమెరా వేరే పెళ్లికి ఎల్లిపోనాది కదా, టాటానగర్లో అద్దెకి తెచ్చినాను. పొద్దున్నే ఇచ్చేసినాను. కొత్త రకమట, బొమ్మ బాగా వత్తాదట. సెట్టింగేటైనా మార్చాలేటో సూడు."

హరికిరణ్ చూడలేదు. ప్లాస్టర్ వంక చూశాడు, అంతే. టేపు పెట్టాడు, నీలం. ముందుకి తిప్పాడు, నీలం. రెండోది, మూడోది, నీలం. అనుమానం తీరక పక్కనున్న పాత కెమెరాలో పెట్టాడు, అదీ నీలమే. "సన్యాసన్నా, మూడూ ఖాళీ" అన్నాడు. ఆ మాట అనడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది.

మూడు గంటల పెళ్లిలో, మూడు టేపుల్లో, ఒక్కసారైనా రికార్డు బొత్తం నొక్కకుండా ఏ మనిషి ఉంటాడని ఎవరూ అడగలేదు. అద్దెకెమెరాతో తీసేవాడి గురించి అంత ఆలోచించే తీరిక ఎవరికుంటుంది! తాగాడంటే సరిపోయింది.

టెల్కో కాలనీలో పుట్టిన మాట షిఫ్టు బస్సెక్కి సాయంత్రానికల్లా బాలశౌరి ఉండే గోవింద్‌పూర్‌లో దిగుతుంది. బాలశౌరిని తర్వాత ఏ పెళ్లికీ పిలవలేదు. సొంత చర్చివాళ్లు కూడా బాప్తిస్మాలకి వేరేవాణ్ణి పెట్టుకున్నారు. కుర్చీలు మాత్రం ఆయన చేతే వేయించారు. కొన్నాళ్లకి ఒక స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పనికి కుదిరాడు. తలుపు వేసి, గడియ లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. పిల్లలు నవ్వేవారు. "అంకుల్, బంద్ హై, బంద్ హై!" అని, మూసే ఉందని, పాటలా పాడేవారు.

షాపులో ఆయన పేరు ఇంకోలా మిగిలింది. కెమెరామన్ ఎవడైనా బయల్దేరుతుంటే, "రికార్డు నొక్కు, బాలశౌరి చెయ్యకు" అనేవారు. ఆ మాట మొదట అన్నది హరికిరణే. అందరూ పడిపడి నవ్వారు. వాడూ నవ్వాడు.

పద్నాలుగేళ్లు గడిచాయి. సన్యాసిరావు షాపు మూసేసి ఊరెళ్లిపోయాడు. అదే మార్కెట్లో హరికిరణ్ సొంతంగా చిన్న గది తీసుకుని, జనం అటకల మీద పడున్న పాత టేపుల్ని పెన్‌డ్రైవుల్లోకి మార్చి ఇస్తున్నాడు. మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హేమ వచ్చింది, చేతిలో సంచీతో.

"భయ్యా, ఇవి చేసివ్వండి. నాన్న రిటైర్మెంటూ అవీ ఉన్నాయి. ఈ రబ్బరుబ్యాండు వేసిన మూడూ ఒదిలేయండి, ఖాలీ హై. నా పెళ్లివి. కంప్లైంట్ ఇస్తానని నాన్న దాచాడు, తర్వాత మర్చిపోయాడు."

ఆమె వెళ్లాక రబ్బరుబ్యాండు తీశాడు. చీటీ మీద గుండ్రటి అక్షరాలు, బాలశౌరివి. ఖాళీ టేపులైతే పనికొస్తాయని మొదటిది పెట్టాడు. ఇప్పుడు తన దగ్గరున్న కెమెరాకి ప్లాస్టర్ లేదు. వచ్చిన టేపు ఏ రకమో అదే కనిపెట్టుకునేలా పెట్టి ఉంటుంది.

నీలం రాలేదు. నలుపు వచ్చింది. నలుపులోంచి గొంతు.

"శ్రీపతి గారింటి పెళ్లి. టెల్కో కాలనీ. ఒకటో టేపు. పెబువా, నా సెయ్యి ఒణక్కుండా సూడు."

హరికిరణ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అది బాలశౌరి పద్ధతి. టేపు మొదట్లో కాస్త భాగం పాడవుతుందని, లెన్సు మూత తియ్యకుండానే అరనిమిషం తిప్పి, ఎవరింటి పెళ్లో చెప్పి ప్రార్థన చేసుకునేవాడు. ప్రతి టేపులోనూ ఆ ముక్క కోసి పారేసేది హరికిరణే. ఆ గొంతు వాడికి తెలిసినంతగా ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.

మూత తీశారు. పందిరి. దీపాలు. పెళ్లిపీటల మీద హేమ. గాజు మీద మెరుపు కూడా పోకుండా అంతా ఉంది.

టేపుని ఎక్కించుకోమని కంప్యూటర్లో క్యాప్చర్ నొక్కాడు. సిగ్నల్ లేదంది. కెమెరాలో బొమ్మ ఆడుతూనే ఉంది, కంప్యూటర్ మాత్రం ఏమీ రావడం లేదంటోంది. అక్కడ ఫార్మాట్ పాత రకానికి పెట్టి ఉంది. మార్చాడు. వచ్చింది. అప్పుడు చెయ్యాల్సిన పని కూడా అంతే, కెమెరా మెనూలో ఒక నొక్కు, కంప్యూటర్లో ఒక నొక్కు. షట్టర్ సగం దించేసి, మూడు టేపులూ ఆడినంతసేపూ మూడు గంటలు గోడకి ఆనుకుని చూశాడు. ఒక్కచోట కూడా చెయ్యి వణకలేదు.

మర్నాడు హేమ చూసింది. జీలకర్రా బెల్లం దగ్గర ఆపేసింది.

"ఖాళీ అని అప్పుడు ఎవరు చెప్పారు?"

"నేనే."

ఆమె పెన్‌డ్రైవ్ తీసి సంచీలో వేసుకుంది. "పాపా కో ఆప్ హీ బోలియే" అంది. నాన్నకి నువ్వే చెప్పుకో అని. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

శ్రీపతి దగ్గరికి తర్వాత వెళ్లొచ్చనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని గోవింద్‌పూర్ వెళ్లాడు. బాలశౌరి భార్య సువర్ణకుమారి తలుపు తీసింది. "ఎవురూ? సన్యాసిరావు షాపు బాబా? ఏటిలాగొచ్చినావు?" అంది, మొహం ముడుచుకుని. బాలశౌరి మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. హరికిరణ్ ప్లాస్టిక్ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి ఆడించాడు.

"పెబువా, నా సెయ్యి ఒణక్కుండా సూడు."

సువర్ణకుమారి నోటిమీద చెయ్యి వేసుకుంది. తిరిగింది హరికిరణ్ వైపు కాదు, భర్త వైపు.

"మరి నువ్వే కదయ్యా సెప్పినావు! నొక్కనేదేటోనని నువ్వే అన్నావు! ఫాదర్ గారి దగ్గిర పాపం ఒప్పుకున్నావు కూడాను!"

హరికిరణ్‌కి ఊరంతా నమ్మిందని తెలుసు. ఈ మనిషి కూడా నమ్మాడని తెలియదు.

"అన్నా, తప్పు నాది. నువ్వు సెట్టింగ్ చూడమన్నావు. ప్లాస్టర్ ఉందని నేను..."

బాలశౌరి వినలేదు. "మొదటికి తిప్పు బాబూ" అన్నాడు. తిప్పాడు. మళ్లీ తిప్పమన్నాడు. మూడోసారి ఆ గొంతు వస్తుండగా, ఆయన కుడిచేతి బొటనవేలు మోకాలి మీద మెల్లగా ఒత్తుకుంది, బొత్తం నొక్కినట్టు.

బాలశౌరీ హరికిరణూ కలవడం అదే ఆఖరు. హరికిరణ్ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"నువ్వు ఖాళీ అన్నావు, ఆ సారు తాగేడన్నాడు. అయ్యి పోనీ" అన్నాడు ఆ రోజు బాలశౌరి, వేలి వంకే చూస్తూ. "పద్నాలుగేళ్లు నా ఏలిమీద నాకే నమ్మకం నేకుండా పోనాది బాబూ. బస్సు తలుపేసినానో నేదో కూడా నాకు తెల్దు. ఇదుగో, ఇప్పుడు సూసినావు కదా. నొక్కినాను. నాను నొక్కినాను."