సిస్టర్ దాచని మాట

కడప నుంచి పనిమీద వెళ్లి, సాలూరులో బొబ్బిలి బస్సెక్కాను. నా పక్కన ఒక కథోలిక సిస్టరూ, ఆమె నడిపే బధిరుల బడిలో చదివే అమ్మాయీ చేతులతో మాట్లాడుకుంటున్నారు. ముందు సీట్లోని షావుకారు వెనక్కి తిరిగాడు.

“మూగదేటి సిస్టరమ్మా? ఏ జల్మలో ఏటి పాపం సేసిందో!”

నాకు ఒళ్లు మండింది. ఏమన్నాడని అమ్మాయి సైగ చేసింది. సిస్టర్ ఏదో సర్దిచెబుతుందనుకున్నాను. ఆమె పెదవులు బిగించి, ఆ మాటంతా చేతులతో చెప్పేసింది. అమ్మాయి ముఖం కందిపోయింది. చేతులు విసురుగా కదిలాయి. సిస్టర్ బస్సంతా వినేలా అంది:

“నీకు నోరున్నాది గదా, దాంతో నువ్వు సేసిన మంచేటి?”

“సిస్టరై ఉండి అలాగంతారేటి?” అన్నాడు షావుకారు బిత్తరపోయి.

“నాను కాదు బాబూ, ఈ పిల్ల అడుగుతన్నాది. దానికి సెప్పు.”

అతను ముందుకు తిరిగిపోయాడు. అమ్మాయి లేచి, అతని భుజం తట్టి తనవైపు తిప్పుకుంది. బదులు కోసం అతని పెదవులనే చూస్తూ నిలబడింది.