మడి కట్టిన మీటరు

మొన్న రక్తపరీక్ష కోసం సీతమ్మధారలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి మోచేతి మడత దగ్గర రాసింది. ఆ చల్లదనం, ఆ ఘాటు వాసన తగిలేసరికి నా అరచేతుల్లో చెమట పోసింది. "సూదికింత భయవేటి మేడం, సీమ కుట్టినట్టుంటాది అంతే" అంది ఆ అమ్మాయి. సూదంటే నాకు భయం లేదు. నా భయం వయసు ఇరవై ఏళ్లు పైమాటే. దానికీ సూదికీ సంబంధం లేదని ఆ పిల్లకి చెప్పాలంటే, ముందు పైడిరాజు గారి గురించి చెప్పాలి.

వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో, కొబ్బరితాళ్ల హోల్‌సేల్ దుకాణం మీది మేడలో మా వర్క్‌షాప్. మేం చేసేవి అతి చిన్న కరెంటును కొలిచే మీటర్లు. ఇంట్లో ఇస్త్రీపెట్టె నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది కదా, అందులో ఒక్క ఆంపియర్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ముక్కల్ని మా మీటర్లు లెక్కపెట్టాలి. అంత చిన్నదాన్ని పెంచి చూపించే ఆంప్లిఫయర్‌ను కాగితం మీద గీసి, చేత్తో కట్టి, సరిచూసి పంపేది పైడిరాజు గారే. ఎలమంచిలి దగ్గరి రైతుల ఇంటి మనిషి. నేను చేరేనాటికి ఆయనకి యాభై దాటాయి, నాకు ఇరవై మూడు. మా నాన్న పోర్టు ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చినవాడు కాబట్టి మా ఇంటి మాట వేరు. ఆయన "ఏటి" అన్నప్పుడల్లా లోపల నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఎన్నాళ్లో సాగలేదు.

మొదటి రోజే నైలాన్ చున్నీ వేసుకుని వెళ్లాను. ఆయన మీటరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నారు. నేను తలుపు తీసుకుని అలా తిరిగానో లేదో అంకె గంతులేసింది. ఆయన తల తిప్పకుండానే, "ఎవులమ్మా అది? నువ్వు కదిల్తే ఇది బెదురుతాది. రేపట్నుంచి నూలుబట్ట కట్టుకుని రా" అన్నారు. గది అవతలి కొసన ఉన్న నా బట్టల రాపిడి కూడా ఆ డబ్బాకి తెలుస్తుందట. ఆ రోజంతా గోడకి అంటుకుని నిలబడ్డాను.

ఇంత సున్నితమైన పని చేసే మనిషికి అరచేతుల్లో విపరీతమైన చెమట. ఎండాకాలం, చలికాలం అని లేదు. ఎడమచేతిలో ఎప్పుడూ రుమాలు. ఏది పట్టుకోవాలన్నా పట్టకారుతోనే, లేదంటే నూలు గ్లవుజులతోనే. "ఇలాంటి చేతులతో ఈ పనిలోకి ఎలా వచ్చారు సార్?" అని ఒకసారి అడిగేశాను. "ఈ సేతుల్ని నాను నమ్మనమ్మా. అందుకే పనికొచ్చేను" అన్నారు. నా చేతులు పొడిగా, చల్లగా ఉండేవి. వాటిని చూసుకుని నాకు కాస్త గర్వం కూడా.

మీటరు లోపల కరెంటు వచ్చి చేరే పిన్ను ఒకటి ఉంటుంది. అది ఒక తెల్లటి టెఫ్లాన్ దిమ్మ మీద నిలబడుతుంది. నాన్‌స్టిక్ పెనానికి పూత వేసే పదార్థమే అది. దాని మీద వేలిముద్ర పడిందంటే చేతి ఉప్పు అంటుకుంటుంది, ఆ ఉప్పుకి తేమ తగిలితే లేనిచోట కరెంటుకి దారి ఏర్పడుతుంది. అందుకని పైడిరాజు గారు దిమ్మని స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, "మడి కట్టేను. ఎవులూ ముట్టొద్దు" అనేవారు. "మీ ఇంట్లో కూడా మడి ఉందా సార్?" అని ఆటపట్టిస్తే, "మా ఇంట్లో మడీ లేదు, తడీ లేదు. ఉన్నదంతా ఈ డబ్బాలోనే" అని నవ్వేవారు. ఆ తర్వాత మూడు గంటలు ఏమీ తగిలించకుండా మీటర్ని వదిలేసి, అంకె సున్నా దగ్గరే నిలుస్తుందో లేదో చూడాలి. దాన్ని సున్నా చూడడం అనేవాళ్లం. చివరగా మూత బిగించే ముందు అట్ట వేసిన ఒక పెద్ద పుస్తకం తెరిచేవారు. అందులో ప్రతి మీటరు నంబరు పక్కన 'ముట్టేరా?' అని ఒక గడి. మూత వేసేవాళ్లు అక్కడ స్వయంగా జవాబు రాస్తే, ఆయన కింద సంతకం పెట్టేవారు. ఆయన రాసిన పేజీలు చేతి చెమటకి కింది మూల తడిసి, ఆరి, అప్పడాల్లా ముడుచుకుని ఉండేవి.

నేను చేరిన రెండో ఏడు, వానాకాలంలో, ఊళ్లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి మీటరు చేశాం. రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం బలం ఎంతో ఆ మీటరు చెప్పాలి. ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే వాళ్లు యంత్రాన్ని తగ్గిస్తారు, రోగికి చాలినంత అందదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను. సున్నా చూడడం అయిపోయింది, మెట్ల కింద ఆసుపత్రి మనిషి వచ్చి నిలబడ్డాడు, మూత పెట్టబోతుంటే పిన్ను దగ్గరి తీగ ఒకటి పక్కకి వంగి కనిపించింది. పట్టకారు అవతలి బల్ల మీద ఉంది. నా చేతులు పొడివే కదా అనుకుని వేలితో తీగని సరిచేశాను. వేలి కొస దిమ్మకి తగిలింది. చెబితే మళ్లీ తుడవాలి, ఆరబెట్టాలి, ఇంకో మూడు గంటలు కూర్చోవాలి. పైడిరాజు గారు వచ్చి, "ఏటమ్మా, ముట్టేవా?" అని అడిగారు. "లేదు సార్" అన్నాను. అదే మాట పుస్తకంలో రాశాను. ఆయన నా మాట నమ్మి సంతకం పెట్టారు. మీటరు ఆసుపత్రికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో అమ్మ అప్పడాలు వేయించి పళ్లెంలో పెట్టింది. బయట వాన. భోజనాలకి కూర్చునేసరికి అప్పడం మెత్తగా సాగిపోయింది. "పాడు చెమ్మ, గంటలో ఎలా అయిపోయాయో చూడు" అంది అమ్మ. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వర్క్‌షాప్‌ ఏసీ గదిలో పొడిగా ఉన్నంతసేపూ నా వేలిముద్ర నిద్రపోతుంది. ఈ చెమ్మకి లేస్తుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక క్షణం కలిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన భయం ముందు అది ఏపాటిదీ కాదు. ఎదురింట్లోకి వెళ్లి వాళ్ల ఫోన్‌లో ఆయనకి చేశాను.

"సార్, ముట్టాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఎక్కడ?"

"పిన్ను పక్కనే. తెల్లదాని మీద."

"రేపు ఏడింటికి కొలత మొదలెడతారు. నువ్వు ఆరింటికల్లా ఆసుపత్రి గేటు కాడుండు. స్పిరిటు నాను తెత్తాను."

పొద్దున్న మేం వెళ్లేసరికి అక్కడ రేడియేషన్ కొలతలు చూసే ఫిజిసిస్టు మీటర్ని పెట్టెలోంచి అప్పుడే తీస్తోంది. ఆన్ చేశారు. యంత్రం ఆపి ఉంది, ఏమీ రావడం లేదు, అయినా అంకె మెల్లగా ఎక్కుతోంది. "ఇంత కొద్దిగా ఉంటే ఆ కాస్తా లెక్కలోంచి తీసేసి కొలిచేసేదాన్నే" అందామె. పైడిరాజు గారు తల అడ్డంగా ఊపారు. "ఇది ఒక్కలాగుండదమ్మా. సెమ్మని బట్టి మారిపోద్ది. మీరు సూసుకుంటారని మేవు, మేవు సూసేమని మీరు. మద్దిలో పోయేది ఆ బెంచీ మీదోళ్లు" అన్నారు. తుడిచి, ఆరబెట్టి, సున్నా చూసేదాకా ఆ రోజు ఎవరికీ చికిత్స లేదన్నారు ఆసుపత్రివాళ్లు.

బెంచీ మీదవాళ్లని నేను అప్పుడే చూశాను. పదిమంది దాకా ఉన్నారు, చేతుల్లో ఫైళ్లు. పసుపుపచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ మెడ పక్కన చికిత్స కోసం గీసిన గుర్తులు చెరిగిపోకుండా తలని ఒక వైపుకే వంచుకుని కూర్చుంది. "ఏటి తల్లీ, మిసను పాడయిపోనాదా?" అని నన్నడిగింది. నేను పైడిరాజు గారి వైపు చూశాను. పైడిరాజు గారు తలుపు దగ్గర్నుంచి, "మిసను బాగానే ఉందప్పా. తప్పు మాది. మా సెయ్యి తగిలింది. తుడుస్తన్నాం" అన్నారు. ఆవిడ కోప్పడలేదు. "నిదానంగానే తుడవండి బాబు. మేవెక్కడికి పోతాం" అంది. మూడు గంటలు ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. అంత భయం నేను అంతకుముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. ఒక్క మెత్తబడిన అప్పడం కనిపించకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించడానికి ధైర్యం చాలదు.

అంకె సున్నా దగ్గర నిలిచింది. తిరిగొచ్చాక పైడిరాజు గారు పుస్తకం నా ముందు పెట్టారు. 'మా' సెయ్యి అని అక్కడ అన్న మనిషి, ఇక్కడ పెన్ను నా చేతికే ఇచ్చారు. 'లేదు' కొట్టేసి 'ముట్టాను' అని రాశాను. ఆయన రుమాలుతో చేయి తుడుచుకుని, కింద మళ్లీ సంతకం పెట్టారు. "నీ సేతులు పొడివి. నాకు నీ గురించి అదే బెంగ" అన్నారు. ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

పైడిరాజు గారు పోయి నాలుగేళ్లయింది. పుస్తకం నా దగ్గరే ఉంది, అట్ట మారింది, గడులు అవే. మొన్న క్లినిక్ నుంచి నేరుగా వర్క్‌షాప్‌కే వెళ్లాను. ఒక మీటరు సున్నా చూడడం పూర్తయింది, మూత పెట్టడమే మిగిలింది. నంబరు వేసి, పక్కన 'లేదు' అని రాసి చేయి తీశాను. నా చెయ్యి ఆనిన చోట పేజీ కింది మూల తడిసి ఉబ్బింది. మూత బిగించలేదు. పట్టకారు, స్పిరిటు సీసా దగ్గరికి లాక్కుని, ఇంకో మూడు గంటలు సున్నా చూడడానికి కూర్చున్నాను.