తుడవరా, రుద్దకు

పోయిన మంగళవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతూ కారు అద్దం మీద మంచు గీకుతుంటే ట్రాయ్ నుంచి బాబాయి ఫోన్ చేశారు. "ఒరేయ్ శ్రీధర్, పిన్ని లేవలేదురా" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా అమ్మకు చెల్లెలు, లోహశాస్త్ర కోవిదురాలు, డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువారందరికీ 'పిస్తోలు పిన్ని'గా సుపరిచితురాలు అయిన రాజ్యలక్ష్మి గారి నిర్యాణవార్త నాకు అలా చేరింది. మన సంఘం పత్రికకు సంస్మరణ రాయమని అడిగారు. ఆవిడ గుణగానం చేసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఒప్పుకున్నాను.

ఆవిడ ముప్పై ఏళ్లు ఒక కార్ల విడిభాగాల కర్మాగారంలో ఉక్కు నాణ్యత పరీక్షించారు. మా తాతగారు పోలీసు ఎస్సై. పదవీ విరమణ నాడు సర్వీస్ రివాల్వర్ స్టేషన్‌లో అప్పగించి వచ్చాక, ఏడాదిపాటు ఆయన చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోతుండేదట. ఆ చెయ్యిని చూస్తూ పెరిగిన పిల్ల అమెరికా వచ్చి, ఇక్కడి పోలీసులు ఒకనాడు నడుముకు కట్టుకుని, కొత్త తుపాకులు రాగానే వదిలేసిన పాత రివాల్వర్లను ఏరి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. "అందరూ పట్టుచీరలు దాచుకుంటే నువ్వు తుపాకులు దాచుకుంటావేమే?" అని స్నేహితురాళ్లు ఏడిపిస్తే, "కట్టుకున్నదెవరో తెలిస్తే నీ చీరకి కూడా కార్డు రాసి పెడతాలేవే" అనేవారు.

నిజంగానే ప్రతి రివాల్వర్‌కీ ఒక పసుపురంగు కార్డు ఉండేది. ఎవరు ధరించారు, ఏ ఊరు, ఎక్కడెక్కడ అరిగింది, అన్నీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఆవిడ వాటిని ఒక్కసారి కూడా పేల్చలేదు. బేస్‌మెంట్‌లో ఇనప్పెట్టె ముందు కూర్చుని, తోలు ఒరలో రాసుకుని, తుప్పు పట్టకుండా వేసిన నీలిపూత తెల్లబడిన గొట్టం కొననీ, అరచేతి చెమటకు గోధుమరంగు తిరిగిన పిడినీ గంటల తరబడి చూసేవారు. "చూడరా, ఈయనది ఎడమచేతి వాటం" అని మురిసిపోయేవారు. తెలియని చోట కార్డు మీద 'తెలియదు' అనే రాసేవారు. "తెలియదనడానికి సిగ్గేంట్రా? అబద్ధం రాయడానికి సిగ్గుపడాలి గానీ" అనేవారు.

నూనెగుడ్డ నా చేతికిచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: "తుడవరా, రుద్దకు." నేను తలూపేవాణ్ని. తలూపడానికేం, కాసులు ఖర్చా?

మూడేళ్ల కిందట ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. సాయంగా ఉండటానికి నేను నోవైలో మా ఇంటి నుంచి వచ్చి ఆ ఇంట్లోనే మకాం పెట్టాను. ఆ వారాంతంలోనే కారొల్ అనే పెద్దావిడ రావలసి ఉంది. ఆమె తండ్రి ధరించిన రివాల్వర్ ఏదో పాత ఆయుధాల ప్రదర్శనలో పిన్నికి దొరికింది. రెండేళ్లు ఉత్తరాలు రాసి రాసి, చివరికి ఆయన కూతుర్ని పట్టుకున్నారు. తండ్రి పోయాక ఆ వస్తువు ఆమె చూడనేలేదు.

పిన్ని హాస్పిటల్ నుంచి ఫోన్‌లో నాకు ఆ కథంతా చెప్పారు. ఒక చెవిలో పిన్ని, ఇంకో చెవిలో టీమ్ మీటింగ్. మ్యూట్‌లో పెట్టుకుని "ఊఁ, ఊఁ, సరే పిన్నీ" అన్నాను. నేను విన్నదల్లా ఫలానా రివాల్వర్ చూడ్డానికి ఎవరో వస్తున్నారని. చుట్టాలొస్తుంటే మన ఇళ్లలో ఏం చేస్తారు? ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోముతారు. నేనూ అదే చేశాను. పిడి వెనక ఉక్కుపట్టీ మీద ఏవో పిచ్చి గీతలు కనబడితే గరుకు కాగితంతో నున్నగా రుద్ది, మెరుగు పెట్టి, వీడియో చూసి సీసాలోని నీలిపూత పూసి, తళతళలాడించి పెట్టాను. పిన్ని సంతోషిస్తుందనుకున్నాను, నా బుద్ధి మండిపోనూ!

శనివారం కారొల్ వచ్చారు. అప్పటికి హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చేసిన పిన్ని కర్ర ఊతతో నిలబడి పెట్టె తెరిచారు. రివాల్వర్ చూశారు. నన్ను ఒక్కసారి చూశారు. అంతలో కారొల్ దాన్ని అందుకుని వెనక పట్టీ మీద బొటనవేలితో వెతుక్కోసాగారు. "గీతలేవి? నా ప్రతి బర్త్‌డేకి డాడీ ఒక గీత గీసేవారు. పదిహేడు ఉండాలి. ఎక్కడ?"

"సారీ కారొల్, మిస్టేక్ నాదే. నేనే క్లీన్ చేశాను" అన్నారు పిన్ని.

ఆమె టీ ముట్టకుండా వెళ్లిపోయారు. నేను పిన్ని కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది. "ఊరుకోరా. ఆ మనిషికి కోపం ఎవరో ఒకరి మీద ఉండాలి. ముసలిదాన్ని, నా మీద ఉంటే తొందరగా తీరిపోతుందిలే" అన్నారు.

ఆ కథ సేకర్తలందరికీ పాకింది. ఏటా ప్రదర్శనలో ఆవిణ్ని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టే నిర్వాహకులు పిలవడం మానేశారు. పిన్ని టికెట్ కొనుక్కుని వెళ్లి, అందరితోపాటు వరసలో నిలబడి చూసి వచ్చేవారు. కారు డ్రైవ్ చేసింది నేనే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నిజం చెప్పేస్తానంటూనే ఉన్నాను, మూడేళ్లూ చెప్పలేదు.

అంత్యక్రియలకు కారొల్ వచ్చారు. పిన్ని పాదాల దగ్గర పువ్వు పెట్టి, నా చెయ్యి పట్టుకుని, "షి వజ్ కేర్‌లెస్ జస్ట్ వన్స్. నేను మరీ హార్ష్‌గా ఉన్నాను. తను చాలా బాధపడిందా?" అని అడిగారు. "యెస్" అన్నాను. అదొక్కటే అన్నాను! కళ్ల ముందు ఆవిడ పడుకుని ఉండగా కూడా నాకు ధైర్యం చాలలేదు.

నిన్న ఇనప్పెట్టె సర్దుతుంటే ఆ రివాల్వర్ కార్డు దొరికింది. పదిహేడు గీతల సంగతి రాసి, కింద 'మెరుగు పెట్టి చెరిపినది: రాజ్యలక్ష్మి' అని ఉంది. ఎవరూ చదవని కార్డు మీద కూడా నన్ను దాచారు. ఉక్కునూ మనిషినీ ఒకే ఓర్పుతో చదివిన అటువంటి విదుషీమణి మనకిక దొరకరు. కార్డు తరవాత కార్డు, మొత్తం నలభైకి పైగా చదివాను. వాటిలో అబద్ధం అదొక్కటే.

ఆ మాట కొట్టేద్దామని పెన్ను తీశాను. పిన్నీ, ఈసారి రుద్దలేదు. నీ పేరు అలాగే ఉంచి, దాని కింద 'కాదు, శ్రీధర్' అని రాశాను. ఆదివారం ఆ కార్డు తీసుకుని కారొల్ ఇంటికి వెళ్తున్నాను. ఆమెకు తెలుగు రాదు. నేనే చదివి చెప్పాలి.