చెక్క చర్చి పైకప్పు

నా చిన్నప్పుడు మా ఊరి కాలువ గట్టు మీద చెక్క చర్చి ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది. నడివయసు దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, పెద్ద మాటలు నాకు రావు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బయటినుంచి చూస్తే అది ధాన్యం కొట్టులా ఉంటుంది. లోపలికెళ్లి తలెత్తితే మాత్రం పడవ. పాత సరుకు పడవల చెక్కలతో, ఎప్పటివాళ్లో కప్పుని బోర్లించిన పడవలాగే కట్టారు. అటూ ఇటూ వంపు కర్రలు, నడుమ పొడుగాటి దూలం.

ఊరికది గొప్ప. నాకు హడలు. ఆ ఏడాది గోదారి వరదలో మా నాన్న పడవ బోల్తా పడింది, ఆయన తిరిగి రాలేదు. ఆ కప్పు కిందికెళితే నేనూ ఇక బయటికి రాననిపించేది. అమ్మ చెయ్యి విదిలించుకుని గుమ్మం దగ్గరే ఏడ్చేదాన్ని. చర్చిలో నాన్న జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక దగ్గర పడింది. ఆ ఒక్కరోజైనా నేను పక్కన కూర్చోవాలని అమ్మ ఆశ.

అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, పడవలు బాగుచేసేవాడు. కూడికకు ముందురోజు నన్ను కాలువ గట్టుకి తీసుకెళ్లాడు. అక్కడొక పడవ బోర్లించి ఉంది.

"దీని కిందకి దూరవే."

"నేను దూరను."

"నేను దూరితే బయట గుగ్గిలం పూత ఎవరు పూస్తారు, మీ అమ్మమ్మా? లోపల ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ కొట్టు. నేను పైన తడుతూనే ఉంటా. చప్పుడు వినబడితే నేనున్నట్టే."

ఏడుస్తూనే దూరాను. చీకటి, గుగ్గిలం వాసన, పైన టకటకమని తాతయ్య సుత్తి. ఒకచోట సూదిమొనంత వెలుతురు కనబడింది. కొట్టాను. ఆయన ఆ సందులో పీచు కుక్కగానే ఆరిపోయింది. మరోచోట కొట్టాను. కాసేపటికి ఏడుపు మర్చిపోయి కన్నాలు వెతకడంలో పడ్డాను.

బయటికొచ్చి అడిగాను, "తాతయ్యా, ఇది మునిగిపోయిందా?"

"మునిగితే ఇక్కడెందుకుంటదే పిచ్చిమొహమా? మీ నాన్న పడవని గోదారి తిప్పేసింది. దీన్ని బాగుచేసుకోడానికి మనం తిప్పిపెట్టాం. మళ్లీ నీళ్లలోకి వెళ్లాలిగా."

మర్నాడు అమ్మ పక్కనే కూర్చున్నాను. పాస్టరు అయ్యగారి ప్రార్థనకి అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం కప్పులో కన్నాలు వెతుకుతున్నాను.

"తాతయ్యా! అదిగో, ఆ మూల కన్నం!"

మగవాళ్ల వైపునుంచి తాతయ్య గొంతు: "ఆమెన్ అన్నాక పూస్తాలేవే, కూర్చో!"

చర్చంతా ఘొల్లున నవ్వింది. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని కొంగు లాగాను. నవ్వుతోంది. నాన్న పోయాక అదే మొదలు.

మొన్నటి తుఫానుకి ఆ కప్పు చెక్కలు సందులిచ్చాయి. కుర్రాళ్లు పైకెక్కారు. నేను కింద బల్ల మీద కూర్చుని, వెలుతురు కనబడ్డచోటల్లా వెదురు కర్రతో పొడిచి చూపించాను.

"ఇక్కడేనా మామ్మా?" అంటూ వాళ్లు పైనుంచి సుత్తితో తడుతుంటే జవాబు చెప్పడానికి కాసేపు ఆగేదాన్ని. ఆ చప్పుడు ఇంకొంచెం వినాలని.